హాజీ సెయ్ఫో దాచిన పొద్దు

మా యెలోవ్దో ఊళ్ళో ఎంతటి వెధవ అయినా చచ్చాక మంచివాడే. శవాన్ని పెట్టిన జనాజా తెచ్చి మసీదు వాకిట్లో రాతిబల్ల మీద దించుతారు. నమాజు అవుతుంది. ఇమాం జనం వైపు తిరిగి, "ఈ మనిషి వల్ల మీకేదైనా కష్టం గానీ నష్టం గానీ జరిగుంటే మనసారా వదిలేస్తున్నారా? హలాల్ చేస్తున్నారా?" అని అడుగుతాడు. జనమంతా "హలాల్!" అంటారు. మూడుసార్లు అడుగుతాడు, మూడుసార్లూ అంటారు. పెళ్ళాన్ని గొడ్డును బాదినట్టు బాదినవాడికీ హలాలే, పక్కవాడి గట్టు జరిపినవాడికీ హలాలే. చలికాలమైతే ఇంకా గబగబా అనేస్తారు, కాళ్ళు కొంకర్లు పోతుంటాయి కదా!

నేను ఈ ఊరి బులాని. ఆడవాళ్ళకి ఖురాన్ చదివి వినిపించడం, పిల్లలకి అక్షరాలు దిద్దించడం, పోయిన ఆడవాళ్ళకి ఆఖరి స్నానం చేయించడం నా పని. పేరు దెర్విషా. మా దగ్గర ఆడవాళ్ళు శ్మశానానికి పోరు. మేడమీద కూచుని తస్బీ పూసలు తిప్పుకుంటూ కిటికీలోంచి చూస్తాం. చూసి ఊరుకోవాలంటారు. నాకు ఊరుకోవడం చేతకాదు, అది వేరే సంగతి.

హాజీ సెయ్ఫోకి మాత్రం ఎవరి హలాలూ అక్కర్లేదనుకునేవాళ్ళం. ముప్పై ఏళ్ళకి పైగా మసీదుకీ ఊరికీ ఆయనే పెద్ద. అడవిలో కట్టెలు వాటాలు వేస్తే తన వాటా ఆఖర్న, అందరూ వద్దన్న వంకర మొద్దులు. ఊట నీళ్ళకి వంతులొస్తే తన తోట చివర. తగువు తీర్చమని ఎవరొచ్చినా ముందు, "ఇందులో నా తప్పేమైనా ఉందా చెప్పండి" అనేవాడు. రంజాన్ కాని నెలల్లో కూడా ఎన్నో రోజులు రోజా, అంటే ఉపవాసం, ఉండేవాడు. మా ముసలమ్మలు మురిసిపోయేవాళ్ళు. "పువ్వు పుట్టగానే పరిమళిస్తుందంటే ఇదేనే. సెయ్ఫో అమీన్‌గానే పుట్టాడు" అనేవాళ్ళు. అమీన్ అంటే కళ్ళు మూసుకుని నమ్మదగ్గవాడు. మా ప్రవక్త గారిని జనం పిలుచుకున్న పేరది. దారినపోయే దానయ్యలకి వాడం.

ఆయనకి ఎదురు నిలిచింది ఊరు మొత్తానికి ఒక్కడే, గొర్రెల కాపరి జుల్ఫో. పెద్దని ఎన్నుకునే ప్రతిసారీ ఊరంతా చేతులెత్తితే జుల్ఫో చెయ్యి జేబులోంచి బయటికొచ్చేది కాదు. "ఎందుకయ్యా నీకంత మంట?" అని అడిగితే, "నా చెయ్యి, నా జేబు. నీకేం నొప్పి?" అనేవాడు. కుళ్ళుబోతు అనుకుని వదిలేశాం.

ఈ వసంతంలో హాజీ మంచం పట్టాడు. కడుపులో పుండు, ఇక లాభం లేదన్నారు పట్నంలో. ఆయన కోడలు మేవ్లా ఒకనాడు మా గడపలోకొచ్చి కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"అత్తా, మామయ్య పగలు ఏదో కాస్త తాగుతాడు. పొద్దు వాలిందంటే మాత్రం పచ్చి మంచినీళ్ళు ముట్టడు. గ్లాసు నోటి దగ్గర పెట్టుకుని కిటికీలోంచి వాకిట్లోకి చూస్తాడు. 'ఆగండి, ఇంకా కాలేదు, ఆగండి' అంటాడు. అక్కడ ఎవరూ ఉండరత్తా. నాకు ఆ గదిలోకి పోవాలంటే భయమేస్తోంది. మిమ్మల్ని రమ్మన్నాడు."

"జ్వరంలో అలాగే మాట్లాడతారే, పిచ్చిదానా" అన్నాను. కానీ వెళ్ళేటప్పుడు దారంతా దువా చదువుకుంటూనే వెళ్ళాను.

హాజీ ఎముకల గూడైపోయాడు. నన్ను చూసి దిండు మీద కాస్త లేవబోయాడు. "కూచో చెల్లీ. తలుపు వెయ్యి. ముందు మీ అమ్మ సంగతి మాట్లాడాలి నీతో" అన్నాడు.

మా అమ్మ ఆల్మాసా పోయి ముప్పై ఏళ్ళు దాటింది. ఈయనకి ఇప్పుడెందుకు గుర్తొచ్చిందా అనుకున్నాను.

"అమ్మ పోయిన ఏడు రంజాన్ ఎప్పుడొచ్చిందో గుర్తుందా?"

"నవంబరులో. పొగమంచులో. రంజాన్ చివరి వారంలో న్యుమోనియాతో పోయింది కదా, ఎలా మర్చిపోతాను?"

"అప్పటికి నన్ను కొత్తగా పెద్దని చేశారు. మీసాలు సరిగ్గా రాలేదని నవ్వేవాళ్ళు కూడా. మినార్ ఎక్కి దీపాలు వెలిగించి అజాన్ ఇచ్చేది నేనే. దీపాలు కనపడితేనే ఊరు రోజా విడిచేది. ఆ ముందురోజు జుల్ఫో మసీదు వాకిట్లో అందరి ముందూ నన్ను కడిగేశాడు. 'ఏమయ్యా సెయ్ఫో, మెట్లెక్కుతున్నావా, పెళ్ళికూతురిలా వయ్యారాలు పోతున్నావా? ఇక్కడ పేగులు మాడుతున్నాయి. కుంటి కోడి నీకన్నా ముందెక్కుతుంది' అన్నాడు. అందరూ నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది."

కాసేపు ఊపిరి తీసుకున్నాడు. నేను గ్లాసు అందించబోతే వద్దన్నాడు.

"మర్నాడు పొగమంచు ఊరి మీద దుప్పటిలా పరుచుకుంది. చీకటి పడిపోయినట్టే ఉంది. నా గడియారం చెమ్మకి ఆగిపోయింది. ఎవరినైనా టైము అడిగితే మళ్ళీ నవ్వుతారని అడగలేదు. అంచనా వేసి ఎక్కేశాను. దీపాలు వెలిగించాను, అజాన్ ఇచ్చాను. కింద పిల్లలు 'వెలిగాయ్, వెలిగాయ్' అని అరుస్తూ ఇళ్ళలోకి పరిగెత్తారు. అప్పుడు గాలి కొట్టి మంచు చీలింది దెర్విషా. ఒక్క క్షణం. పడమటి కొండ మీద పొద్దు ఉంది. ఇంతెత్తున, ఎర్రగా, నా మొహంలోకి చూస్తూ ఉంది. మళ్ళీ మంచు మూసుకుంది. కింద ఉన్నవాళ్ళెవరికీ కనపడలేదు. నేనొక్కణ్ణే చూశాను."

"అరవలేదా?" అన్నాను.

"నోరు తెరిచాను. జుల్ఫో మొహం గుర్తొచ్చింది. మూసుకున్నాను."

నాకు ముందు నవ్వొచ్చినంత పనయింది. ఇదా! మనిషిని చంపలేదు, మసీదు సొత్తు కాజేయలేదు. ఏ పావుగంటో ముందు దీపం వెలిగించాడు! "హాజీ అన్నా, తెలియక తిన్నవాళ్ళ మీద పాపం లేదు. తెలిశాక ఆ ఒక్క రోజా మళ్ళీ ఉంటే సరిపోతుంది. ఇది నేను మీకు చెప్పాలా?" అన్నాను.

"తెలిశాక కదా" అన్నాడు. "తెలియనివ్వలేదు నేను. మర్నాడు చెప్పి ఉంటే జనం నన్ను నాలుగు తిట్టి, ఒక రోజు ఉపవాసం ఉండి, మర్చిపోయేవాళ్ళు. శుక్రవారం చెబుదామనుకున్నాను. ఈలోపు మీ అమ్మ పోయింది. ఆ ఒక్క రోజా ఆమెకి నేను బాకీ పడిపోయాను. ఇక ఆమెకి చెప్పకుండా మిగిలినవాళ్ళకి ఏ మొహంతో చెప్పను? ఆ తర్వాత ప్రతి శుక్రవారం లేచి నిలబడేవాణ్ణి. గొంతుదాకా వచ్చేది. జనం నా మొహంలోకి ఎంత నమ్మకంగా చూసేవాళ్ళంటే, ఆ నమ్మకం చెడగొట్టడమే పాపమనిపించేది. చూశావా, సైతాను ఎంత పెద్దమనిషి వేషం వేసుకొస్తాడో."

అప్పుడు వాకిటివైపు వేలు చూపించాడు.

"ముందు మీ అమ్మ వచ్చింది. ఆ చలికాలంలోనే. పొద్దు వాలే వేళకి, ఎండు ప్లమ్ పళ్ళ నీళ్ళ గిన్నె చేత్తో పట్టుకుని, అదుగో అక్కడ నిలబడింది. తాగదు. 'ఇప్పుడు తాగొచ్చా, సెయ్ఫో బాబూ?' అని అడుగుతుంది. తర్వాత ఊళ్ళో ఆనాటివాళ్ళు ఎవరు పోతే వాళ్ళు వచ్చి ఆమె వెనకాల నిలబడ్డారు. ఇప్పుడు వాకిలి నిండిపోయింది. చేతుల్లో రొట్టెముక్కలు, గిన్నెలు. తిట్టరు దెర్విషా. తిడితే బాగుండును. అడుగుతారంతే. 'ఇప్పుడు తినొచ్చా?' అని."

చూడకూడదనుకుంటూనే కిటికీలోంచి చూశాను. మేవ్లా ఆరేసిన దుప్పట్లు ఉన్నాయి, గాలికి కదులుతున్నాయి. అంతే. కానీ ఆ దుప్పట్ల మధ్యకి పోయి ఒకటి తీసుకురమ్మంటే మాత్రం, మీరు నన్ను చంపినా పోయేదాన్ని కాదు.

భయం వెనకే కోపం వచ్చింది. మా అమ్మ నూట మూడు జ్వరంలో కూడా రోజా విడవని మనిషి. ఇంట్లో అందరం బతిమాలితే, "అల్లా దగ్గరికి ఒక రోజు తక్కువతో పోనివ్వమంటారా నన్ను?" అని కసిరింది. అలాంటి మనిషి ఒక రోజు తక్కువతోనే పోయింది, ఈయన మీసాల పరువు కోసం.

"అన్నా, ఇన్నేళ్ళూ అక్కర్లేని ఉపవాసాలున్నారు. మహానుభావుడన్నాం. అవన్నీ మీకోసం ఉన్నారు. మా అమ్మ రోజా ఎవరుంటారు?" అని అడిగేశాను. చావబోయే మనిషిని అడగాల్సిన మాట కాదు. అయినా అడిగాను.

ఆయన కళ్ళు మూసుకున్నాడు. "అందుకే పిలిచాను. నీ హలాల్ కావాలి నాకు."

"ఆలోచించుకోనివ్వండి" అన్నాను.

మర్నాడు నన్నూ, కొడుకు నియాజ్‌నీ కూచోబెట్టుకున్నాడు. నియాజ్‌ ముప్పై దాటినవాడు, నెమ్మదస్తుడు. తండ్రి తర్వాత ఊరి పెద్ద వాడేనని అప్పటికే అందరూ అనేసుకుంటున్నారు. సంగతి విని వాడి మొహం పాలిపోయింది.

"ఇది నీకు నేనిచ్చే అమానతు" అన్నాడు హాజీ. "నా జనాజా ముందు ఇమాం హలాల్ అడుగుతాడు. జనం ఇచ్చేముందు నువ్వు ఇదంతా చెప్పాలి. ఏం వదిలేస్తున్నారో తెలియకుండా ఇచ్చే హలాల్ నాకొద్దు. అది దొంగసొత్తు."

"నాన్నా, బతికుండగా చెప్పనిది..." అని ఆగిపోయాడు నియాజ్‌.

"బతికుండగా చెప్పలేదు కాబట్టే కదా నీకు అప్పజెబుతున్నాను. సిగ్గుపడాల్సింది నేను. ఆ సిగ్గు నీ మీద పడేస్తున్నాను. దానికి కూడా నీ దగ్గర హలాల్ అడుగుతున్నాను" అన్నాడు ముసలాయన.

అమానతు అంటే నమ్మి అప్పజెప్పినది. మాకది ఉత్త మాట కాదు, మెడ మీద కత్తి. చచ్చేవాడు పెట్టిన అమానతు తప్పినవాడి ఇంట్లో మా ఊళ్ళో ఎవరూ కాఫీ కూడా తాగరు. నియాజ్‌ నన్ను కంచెదాకా సాగనంపుతూ నా దారికి అడ్డం నిలబడ్డాడు.

"దెర్విషా అత్తా, పావుగంట. ఎప్పటిదో ఒక్క పావుగంట. దానికోసం ఆయన చేసిన మంచంతా బూడిదలో పోసిన పన్నీరు కావాలా? మీరూ నేనూ తప్ప ఎవరికీ తెలియదు. మీరు కాస్త..."

"నోరు మూసుకోమంటావా? నా నోరు సంగతి ఊరందరికీ తెలుసు."

"రేపు నన్ను పెద్దని చేద్దామనుకుంటున్నారు. ఈ మాట బయటపడితే, 'తండ్రి మోసం, కొడుకు ఇంకెంత' అంటారు. నాకు పదవి పిచ్చి లేదత్తా. కానీ ఆయన పేరు..."

"ఒరే నియాజ్‌, నేను చెప్పను. భయపడకు. అమానతు నీ మెడ మీద పెట్టాడు, నా మెడ మీద కాదు. నువ్వు చెప్పకపోతే ఊరికేమీ తెలియదు. నువ్వు హాయిగా పెద్దవవుతావు. పొలం నీకొస్తుంది, ఇల్లు నీకొస్తుంది, దాంతోపాటు ఆ వాకిలి కూడా నీకే వస్తుంది. పొద్దు వాలేవేళ కిటికీ దగ్గర కూచుని వాళ్ళకి నువ్వే జవాబు చెప్పుకో" అన్నాను.

వాడు చటుక్కున వెనక్కి తిరిగి వాకిట్లోకి చూశాడు. చూడనీ అనుకున్నాను.

ఆ రోజుల్లో నాకు నిద్ర సరిగ్గా పట్టలేదు. పిల్లలకి నేను చెప్పే మొదటి పాఠం, ప్రతి బిడ్డా తిన్నని మనసుతోనే పుడుతుందని. సెయ్ఫో కుర్రతనం నాకు తెలుసు. కాస్త డాబు మనిషి, టోపీ వంకరగా పెట్టుకుని తిరిగేవాడు. కట్టెల వాటా ఆఖర్న తీసుకోవడం, ప్రతి తగువులో తన తప్పు వెతుక్కోవడం, అన్నీ ఆ సాయంత్రం తర్వాతే మొదలయ్యాయి. మరి మేం ఇన్నేళ్ళూ పరిమళమనుకుంటున్నది కాలిన కంపా? చాలా కోపంగా ఉన్నప్పుడు అవుననే అనిపించేది. కోపం తగ్గాక ఇంకోలా తోచేది. లోపల తిన్ననిదేదో లేకపోతే అంతకాలం కాలడానికి ఏముంటుంది? జుర్రుకు తిని మూతి తుడుచుకునేవాళ్ళని ఎంతమందిని చూడలేదు!

బుధవారం సాయంత్రం అసర్ నమాజు వేళ హాజీ పోయాడు. గ్లాసులో నీళ్ళు అలాగే ఉన్నాయి. నేను వెళ్ళేసరికి మేవ్లా గుమ్మంలో నా చెయ్యి పట్టుకుని గుసగుసగా అంది. "మామయ్య పోయాక కూడా వాకిట్లో ఎవరో ఉన్నట్టుందత్తా. కుక్క చూడండి. అరవట్లేదు. తెలిసినవాళ్ళొచ్చినట్టు తోకాడిస్తోంది."

నేను చూశాను. ఖాళీ వాకిట్లో కుక్క ఒక చోట ఆగి, ఇంకో చోట ఆగి, తోకాడిస్తూ తిరుగుతోంది. తలుపు వేసేయమన్నాను.

మర్నాడు మధ్యాహ్నం ఊరు ఊరంతా వచ్చింది, చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు కూడా. హాజీ ఇంటి మేడ మీద రెండోవైపు కిటికీ మసీదు వాకిట్లోకే తెరుచుకుంటుంది. ఆడవాళ్ళం అక్కడ కిక్కిరిసి ఉన్నాం. పట్నం నుంచి కొత్తగా వచ్చిన కుర్ర ఇమాం నమాజు చేయించి జనం వైపు తిరిగాడు.

"ఈయన ఎలాంటివాడు?"

"మంచివాడు!" గోడలు అదిరాయి.

"ఈయనకి హలాల్ చేస్తున్నారా?"

"హలాల్!"

నియాజ్‌ ముందు వరసలో ఉన్నాడు. తల వంచుకునే ఉన్నాడు. చెబుతాడా, చెప్పడా? నా గోళ్ళు కిటికీ చెక్కలో దిగుతున్నాయి.

"హలాల్ చేస్తున్నారా?" రెండోసారి.

"హలాల్!"

అయిపోయింది, మింగేశాడు అనుకున్నాను. ఇమాం మూడోసారికి నోరు తెరిచాడు. అప్పుడు నియాజ్‌ తల ఎత్తి, "ఆగండి" అన్నాడు.

దగ్గి మొదలుపెట్టాడు. నాన్న అలా అన్నాడు, ఇలా అన్నాడు అని తిప్పలేదు. దీపాలు, మంచు, పొద్దు, మూసుకున్న నోరు, అంతా చెప్పాడు. "ఇది తెలిసి ఇవ్వగలిగితేనే ఇవ్వండి. రెండుసార్లు ఇచ్చింది వెనక్కి తీసుకున్నా మా ఇంట్లో ఎవరూ నొచ్చుకోరు" అన్నాడు.

తర్వాత ఒక ముసలాయన, "ఆ రంజానా? మా నాన్న ఆ పైయేడే కదా పోయాడు" అన్నాడు, తనలో తను. ఇంకొకడు, "మా అమ్మ... మా పెదనాన్న..." అని వేళ్ళు మడవడం మొదలుపెట్టాడు. వెనక నుంచి ఎవడో, "ఇన్నేళ్ళూ మనల్ని వెర్రివెధవల్ని చేశాడన్నమాట!" అని అరిచాడు. "జనాజా ముందు ఆ మాటేంట్రా" అని ఇంకొకడు. "మరి జనాజా వెనకాల అనాలా?" అని మొదటివాడు. కుర్ర ఇమాం మొహం చూస్తే జాలేసింది. ఇలాంటిది వాడికి ఏ చదువులోనూ చెప్పి ఉండరు. ఏం చెయ్యాలో తోచక మూడోసారి అడిగాడు.

"హలాల్... చేస్తున్నారా?"

ఒక్క గొంతు లేవలేదు. జనాజా రాతిబల్ల మీద అలాగే ఉంది. దాని మీద కప్పిన ఆకుపచ్చ గుడ్డ అంచు గాలికి లేచి పడుతోంది. ఇన్నేళ్ళు వాకిలివైపు చూస్తూ గడిపిన మనిషి, ఇక్కడ కూడా అలాగే జవాబు కోసం పడుకుని ఉన్నాడనిపించింది.

కిటికీలోంచి తల బయటపెట్టాను. "నాది హలాల్!" అన్నాను. మగవాళ్ళంతా పైకి చూశారు. పక్కనున్న ఆడవాళ్ళు నా కొంగు పట్టి లాగారు. "మా అమ్మది ఇవ్వడానికి నేనెవర్ని? అది అమ్మే చూసుకుంటుంది. నాది మాత్రం తెలిసే ఇస్తున్నాను."

తర్వాత కింద ఎవరో, "నాదీ హలాల్" అన్నారు. ఇంకొకరు అన్నారు. ఎప్పటిలా ఒక్క అరుపు కాదు. ఒక్కొక్కరూ, ఆలోచించుకుని, కొందరు ఏడుస్తూ, కొందరు పళ్ళు కొరుకుతూ. వెర్రివెధవల్ని చేశాడన్నవాడు కూడా, "సరే, హలాల్. కానీ నాకింకా కోపంగానే ఉంది" అన్నాడు. చాలాసేపు పట్టింది. జుల్ఫో ఒక్కడే మిగిలాడు. అందరూ వాడి వైపు తిరిగారు. వీడు ఇవ్వడు, ఇవాళ వీడి పండగ అనుకున్నాను.

జుల్ఫో జనాజా దగ్గరికి నడిచాడు. ముసలివాడైపోయాడు, కాళ్ళు ఈడుస్తున్నాడు.

"ఆ సాయంత్రం నేను పడమటి కొండ మీద గొర్రెలతో ఉన్నాను" అన్నాడు. "మంచుకి పైన. ఎండ నా మొహం మీద పడుతోంది. కింద మంచులోంచి వీడి అజాన్ వినపడింది."

వెనకున్నవాళ్ళు వినడానికి ముందుకి జరిగారు.

"నాకు తెలుసు. మొదటి రోజు నుంచీ తెలుసు. రేపు చెబుతాడులే అనుకున్నాను. చెప్పలేదు. సరే, వీడి పిలక నా చేతిలో ఉందనుకున్నాను. ఎప్పుడైనా నా కాళ్ళ దగ్గరికి రాకపోతాడా అని కాచుకున్నాను. వీడు రాలేదు, నేను అడగలేదు. వీడికి నామోషీ అయింది. నాకేమైంది? నేను అప్పుడే ఒక్క మాట అనుంటే మీరంతా ఆ రోజు తీర్చుకునేవాళ్ళు. మీ అమ్మలూ నాన్నలూ తీర్చుకుని పోయేవాళ్ళు. వీడు ఒక్క క్షణం భయపడ్డాడు. నేను ఇన్నేళ్ళూ భయం లేకుండానే నోరు మూసుకున్నాను."

జనాజా మీద చెయ్యి పెట్టాడు. "వీడికి నేను హలాల్ చేస్తున్నాను. నాకెవరు చేస్తారు?"

బతికున్నవాడి కోసం అడగడానికి ఇమాం దగ్గర ప్రశ్న లేదు. జనంలో కొందరు నేల చూశారు, కొందరు జుల్ఫోని చూశారు. నోరున్న బులాని, నాకూ ఒక్క మాట రాలేదు. ఎవరూ ఇవ్వలేదు.

నియాజే కదిలాడు. జనాజా ముందు కొమ్ము దగ్గర, పెద్దకొడుకు పట్టాల్సిన చోటు, వదిలేసి పక్కకి జరిగాడు. "జుల్ఫో బాబాయ్, ముందు భుజం నువ్వు పట్టు. ఆనాటివాళ్ళంతా పైన శ్మశానంలోనే ఉన్నారు. అడుగుదువుగాని పద" అన్నాడు.

జుల్ఫో భుజం పెట్టాడు. శ్మశానం దారి ఎగుడు. వాడి అడుగు ఎంత నెమ్మదిగా పడుతుంటే అంత నెమ్మదిగా ఊరంతా వెనక నడిచింది. ఎవరూ తొందరపెట్టలేదు.